రేవు బాటకు తాళమా?

పల్నాటిలో ఏటి పక్కనున్న గ్రామం ఒకదానిలో ఈ విలేకరి కళ్లారా చూసిన సంగతి ఇది. ఒక పెద్దాయన చనిపోయాడు. పదోనాడు ఇంటివారు, బంధువులు స్నానాలు చేసి పిండాలు కృష్ణలో కలపడానికి బయలుదేరారు. తరతరాలుగా నడిచిన రేవు బాటకు అడ్డంగా నాపరాతి స్తంభాలు, ముళ్లతీగ, ఇనుప గేటు ఎదురయ్యాయి. గేటుకు తాళం. కాపలా మనిషిని బతిమాలితే, “నా చేతిలో ఏముందయ్యా, ఆసామి పట్నంలో ఉంటాడు. ఇది పట్టా భూమి. వంతెన కాడికి పోండి” అన్నాడు. రెండు వందల గజాల దూరంలో ఏరు కనిపిస్తూనే ఉన్నది. ఆడవాళ్లు, పిల్లలు అందరూ తిరిగి ట్రాక్టరెక్కి వంతెన దారి పట్టారు.

ఆ భూమిని ఆసామి డబ్బిచ్చి కొన్నాడు, రిజిస్ట్రేషను చేయించుకున్నాడు. దాన్ని తప్పుపట్టే పని లేదు. అడగవలసిన ప్రశ్న వేరే ఉన్నది. ఒడ్డున భూమి కొన్నవాడు ఏటిని కూడా కొన్నట్టేనా?

కాదని చట్టం ఏనాడో చెప్పింది. మన ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలంలో, 1905లో వచ్చిన భూ ఆక్రమణల చట్టం నదులు, వాగులు, చెరువుల గర్భాలను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించింది. అంతటితో ఆగలేదు. ఆ ఆస్తి దారి హక్కులకూ ఇతర ప్రజా హక్కులకూ లోబడి ఉంటుందని కూడా రాసింది. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున కట్టిన ఒక హోటల్ కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా చెప్పింది. ఇటువంటి ప్రకృతి సంపదకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేననీ, ప్రజలందరికీ చెందినదాన్ని ఒకరి సొంతానికి ధారపోయరాదనీ ఆ తీర్పు సారాంశం. మన తిరుపతి దగ్గర అవిలాల, పేరూరు చెరువుల కేసులో 2006లో ఇదే సూత్రాన్ని మళ్లీ గుర్తుచేసింది.

మరి చిక్కు ఎక్కడ? నీళ్లు అందరివి. నీళ్లకు పోయే నేల ఒకరిది. హక్కు కాగితం మీద భద్రంగా ఉంటుంది, మనిషి గేటు ముందు నిలబడిపోతాడు.

ఈ చిక్కు లంకల్లో నాలుగు వైపులా ఉంటుంది. లంకలోని భూమికి పట్టాదారు ఉండవచ్చు. దాని చుట్టూ ఉన్న నీటికి ఉండడు. అయినా పడవ ఆనించుకోవాలన్నా, వల ఆరవేసుకోవాలన్నా, గాలివాన వస్తే కాసేపు తలదాచుకోవాలన్నా జాలరికి ఆ అంచే దిక్కు. పైగా లంక వరద వచ్చినప్పుడల్లా రూపు మారుస్తుంది. ఒకవైపు కోసుకుపోతుంది, ఇంకోవైపు మేట వేస్తుంది. నిరుడు గట్టుమీద నాటిన హద్దురాయి ఈ ఏడు నీళ్లలో ఉంటుంది. అటువంటి చోట నీటి అంచు వెంబడి కంచె వేసి ఇది నా సరిహద్దు అంటే ఎట్లా చెల్లుతుంది?

కేరళలో ఇది చివరిదాకా నడిచిన వ్యవహారం. అలప్పుళ జిల్లాలో వేంబనాడు సరస్సు మధ్యనున్న నెడియతురుత్తు అనే చిన్న దీవిలో ఒక సంస్థ విలాసవంతమైన విడిది గృహాలు కట్టింది. తమ వలల పాతులు పోయాయని అక్కడి సంప్రదాయ జాలర్లు కోర్టుకెక్కారు. తీర ప్రాంత నిబంధనలు ఉల్లంఘించారని 2013లో కేరళ హైకోర్టు కూల్చివేతకు ఆదేశించింది. 2020 జనవరి 10న సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. 2022 సెప్టెంబరులో కూల్చివేత మొదలైంది. ఆ తీర నిబంధనలు సముద్రానికీ, ఆటుపోట్లు వచ్చే నీళ్లకూ వర్తించేవి. మన పల్నాటి కృష్ణకు ఆ రక్షణ లేదు. కాబట్టి మన జాగ్రత్త మనమే పడాలి. కట్టినాక కూల్చడానికి అక్కడ ఎన్నేళ్లు పట్టిందో చూస్తే, ముందే మేలుకోవడం ఎంత చవకో తెలుస్తుంది.

దారి లేని హక్కు ఎటువంటిదో పల్నాటివారికి ఒకరు చెప్పనక్కరలేదు. నాగార్జునసాగర్ నీళ్ల మధ్య దీవిగా మిగిలిన నాగార్జునకొండ ఏ ప్రైవేటు వ్యక్తిదీ కాదు. అది జాతి సంపద. అయినా విజయపురి సౌత్ నుంచి లాంచీ కదిలితేనే మనం దాన్ని చూడగలం. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద ఘోర ప్రమాదం జరిగాక రాష్ట్రంలో పడవలు ఆపివేసినప్పుడు కొండకూ దారి మూసుకుపోయింది. అక్కడ కారణం ప్రాణభద్రత, దాన్ని కాదనలేము. పాఠం మాత్రం ఒకటే. దారి ఉంటేనే హక్కు.

పులిచింతల వచ్చాక ఈ సమస్య మరింత ముదిరింది. 45.77 టీఎంసీల ఆ జలాశయం 2013 డిసెంబరులో ప్రారంభమైంది. బెల్లంకొండ, మాచవరం, దాచేపల్లి మండలాల వైపు నీళ్లు ఎగదన్నాయి. పాత రేవులు కొన్ని నీటికింద పోయాయి. ఒడ్డు జరిగింది, ఒడ్డుతోపాటు డొంక జరగలేదు. పాత డొంక ఎక్కడో ఆగిపోతే, అక్కడి నుంచి కొత్త నీటి అంచుదాకా ఒకరి చేలో నడవవలసి వస్తున్నది. గొర్రెల కాపరి, చాకలి, జాలరి, ఎవరి తిప్పలు వారివి. ఈనాడు రైతు మంచివాడైతే పోనిస్తాడు. రేపు ఆ చేను చేతులు మారితే?

ఆసాముల పక్షాన కూడా న్యాయం ఉన్నది. నీళ్లకు వచ్చే గొడ్లు పైరులో పడతాయి. విందులకు వచ్చినవారు సీసాలు పగలగొట్టి పోతారు. రేవు బాట పేరుతో రాత్రిపూట ఇసుక ట్రాక్టర్లు నడుస్తాయి. ఇవి అబద్ధాలు కావు. స్కాట్లండులో 2003లో వచ్చిన చట్టం పరుల భూముల మీదుగా నడిచే హక్కును, నదులు, సరస్సుల మీద తిరిగే హక్కును జనానికిచ్చింది. బాధ్యతగా మెలగాలనీ, పైరు తొక్కరాదనీ, ఇంటి ఆవరణలోకి పోరాదనీ షరతు కూడా పెట్టింది. హక్కుకూ మర్యాదకూ పొత్తు కుదరదని ఎవరన్నారు? కంచె చేను కాయడానికి వేసుకోవచ్చు, ఏటికి కాపలా కాయడానికి కాదు. గేటు ఉండవచ్చు, తాళం ఉండరాదు.

ఇక కావలసినదేమిటి? 2020 డిసెంబరులో రాష్ట్రంలో భూముల రీసర్వే మొదలైంది. ఇంకా పూర్తికాని ఏటిపక్క గ్రామాల్లో సర్వేయరు వచ్చిన రోజున ఊరివారు దగ్గరుండి డొంక, రేవు బాట చూపించాలి. పాత గ్రామ పటంలో, కొలతల పుస్తకంలో ఉన్న దారి కొత్త పటంలోకి ఎక్కిందో లేదో సరిచూసుకోవాలి. సర్వే అయిపోయిన గ్రామాల్లో అభ్యంతరం రాతపూర్వకంగా తహశీల్దారుకు అందజేయాలి. నోటిమాట గాలికి పోతుంది. పంచాయతీలు తమ రేవుల జాబితా రాసి తీర్మానం చేయాలి. పాత దారి మునిగిపోయిన చోట ప్రభుత్వమే నష్టపరిహారమిచ్చి, బండి పట్టేంత వెడల్పున భూమి సేకరించి బాట వేయాలి. అది రైతు నెత్తిన రుద్దవలసిన భారం కాదు.

2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగాయి. మళ్లీ 2028లో వస్తాయి. అప్పటికి పెద్ద ఘాట్లకు రంగులు వేస్తారు, దీపాలు పెడతారు, సందేహం లేదు. కానీ పుష్కరం పన్నెండు రోజుల ముచ్చట. రేవు బాట మూడు వందల అరవై ఐదు రోజుల అవసరం. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడి, నరసరావుపేటలోనే కలెక్టరు కొలువుదీరాడు. ఇకనైనా రెవిన్యూ, నీటిపారుదల శాఖలవారు కలిసి ఒడ్డు వెంబడి నడిచి, ఏ ఊరికి ఏ దారో తేల్చి రాళ్లు పాతవలసిందిగా ప్రజల పక్షాన కోరుతున్నాము.

ఏటి ఒడ్డున బతుకుతున్నవాడు తన పెద్దల పిండం కలపడానికి ఒకరి తాళంచెవి కోసం చూసే రోజు రాకూడదు.