మూడు రోజుల్లో అచ్చయ్యే వ్యాసం

మొన్న అస్ర్ నమాజు తరువాత మా పూర్వ విద్యార్థిని ఒకామె, తన తండ్రిగారితో కలసి గూడూరులోని మా ఇంటికి వచ్చింది. చిన్ననాడు మా వద్ద ఖాయిదా చదివిన ఆమె ఇప్పుడు న్యాయశాస్త్రంలో పరిశోధన చేస్తున్నది. విచారణ ఖైదీలపై రాసిన వ్యాసాన్ని ఒక పత్రికకు పంపబోతున్నది. "హజ్రత్, దుఆ చేయండి. రుసుము కడితే మూడు రోజుల్లో అచ్చువేస్తామన్నారు" అన్నది.

మూడు రోజులనగానే మాకు అనుమానం కలిగింది. నిజమైన పరిశోధన పత్రిక వ్యాసాన్ని ఆ రంగమెరిగిన ఒకరిద్దరికి పంపుతుంది. రచయిత పేరు వారికి తెలియనీయకపోవడం చాలా పత్రికల ఆచారం. వారు తీరికగా చదివి, ప్రశ్నలు వేస్తారు. రుసుము అడిగిన ప్రతి పత్రికా మోసపూరితం కాదు గాని, చదవకుండానే అంగీకరించేదానిని మేము పత్రిక అనము. యూజీసీ తన కేర్ జాబితాను 2025లో ఉపసంహరించుకున్న తరువాత మంచిచెడ్డలు తేల్చుకునే బరువు విశ్వవిద్యాలయాలపైన, పరిశోధకులపైన పడింది. ఉల్లేఖకుల పరంపరలో ఒక్క పేరు అనుమానాస్పదమైనా ఆగి విచారించిన ముహద్దిసుల పాఠాలు చెప్పే మాకు ఈ పరీక్ష కొత్తగా తోచలేదు.

"రెండు మూడు పత్రికలకు ఒకేసారి పంపితేనో?" అన్నారు తండ్రిగారు. అది కూడదు, ఒకరి జవాబు వచ్చాకే మరొకరికి.

వ్యాసం చదివి వినిపించమన్నాము. 2022 డిసెంబరు 31 నాటికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉండగా, వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ఆ అంకె సరైనదే. అయితే ఆమె "ఆ ఏడాది జైలుకు వెళ్లిన ప్రతి నలుగురిలో ముగ్గురు" అని రాసింది. ఫిబ్రవరిలో వెళ్లి ఏప్రిల్‌లో బెయిలుపై వచ్చినవాడు ఆ లెక్కలో ఎక్కడున్నాడు? ఒకనాటి హాజరుపట్టీ చూసి మా మదర్సాలో ఏడాది పొడవునా ఎందరు చేరారో చెప్పగలమా? ఆమె కాసేపు మౌనంగా ఉండి, ఆ వాక్యం కొట్టివేసింది.

అసలు చిక్కు తరువాత వచ్చింది. మామూలు దొంగతనం కేసులో పద్నాలుగు నెలలు జైల్లో ఉండి, బెయిలుపై వచ్చిన ఒక అబ్బాయి కథ అందులో ఉంది. పేరు లేదు. వీధి, వయసు, తండ్రి వృత్తి మాత్రం ఉన్నాయి. మా ఊరిలో అంత చెబితే పేరు చెప్పినట్లే! నేరం రుజువు కాని ఆ పిల్లవాడు రేపు పనికి ఎవరి వద్దకు వెళ్లాలి?

"వాళ్లమ్మ ఒప్పుకుంది, హజ్రత్."

"అబ్బాయిని అడిగావా, బేటీ?"

అడగలేదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ ప్రకారం, తొలిసారి నిందితుడైనవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే విడుదలకు అర్హుడు. మామూలు దొంగతనానికి గరిష్ఠం మూడేళ్లు. అంటే ఒక్క ఏడాది. మరి పద్నాలుగు నెలలెందుకు పట్టింది? మరో కేసు పెండింగులో ఉంటే ఆ వెసులుబాటు వర్తించదు. ఉన్నదో లేదో ఆమె విచారించనే లేదు. జైలు అధికారుల ఆలస్యమని మాత్రం రాసేసింది.

తండ్రిగారి ముఖం చిన్నబోయింది. ఆమె మాత్రం కాగితాలు సర్దుకుని, ఆ రాత్రి ప్రయాణం మానుకున్నది. మగ్రిబ్ తరువాత తండ్రిని వెంటబెట్టుకుని ఆ అబ్బాయి ఇంటివైపు నడిచింది.