ఐదు వందల దిద్దుబాట్ల గోడ: వికీపీడియాలో ఎవరు రాయాలి, ఎవరు ఆగాలి?

2022 సెప్టెంబర్ 4 రాత్రి దుబాయ్‌లో ఆసియా కప్ సూపర్ ఫోర్ మ్యాచ్. 18వ ఓవర్లో పాకిస్తాన్ బ్యాటర్ ఆసిఫ్ అలీ ఇచ్చిన తేలికైన క్యాచ్‌ను అర్ష్‌దీప్ సింగ్ జారవిడిచాడు. భారత్ ఓడింది. కాసేపటికే ఇంగ్లిష్ వికీపీడియాలో అతని పేజీలో భారత్ పేరు ఉండాల్సిన చోట 'ఖలిస్తాన్' అన్న మాట చేరింది. రాసిన వ్యక్తికి వికీపీడియాలో ఖాతా కూడా లేదు. నిమిషాల్లోనే మరో వాడుకరి దాన్ని తొలగించారు. ఈలోపే స్క్రీన్‌షాట్లు ఫోన్ల నిండా తిరిగాయి. కేంద్ర ఐటీ శాఖ వికీపీడియా ప్రతినిధులను పిలిపించి సంజాయిషీ అడిగింది. ప్రభుత్వం ప్రశ్న ఒక్కటే: ఎవరు పడితే వారు ఇలా ఎలా మార్చగలుగుతున్నారు?

రెండేళ్లు తిరక్కుండానే ఢిల్లీ హైకోర్టులో దీనికి సరిగ్గా తలకిందులైన ప్రశ్న వచ్చింది. 2024 జులైలో వార్తాసంస్థ ఏఎన్ఐ తన గురించి వికీపీడియాలో ఉన్న వాక్యాలు పరువు నష్టం కలిగిస్తున్నాయంటూ 2 కోట్ల రూపాయల దావా వేసింది. ఆ వాక్యాలను మార్చేందుకు చేసిన ప్రయత్నాలను ఇతర వాడుకరులు తిరగ్గొట్టారని, ఆపై పేజీకి తాళం వేశారని సంస్థ ఫిర్యాదు. ఆ తాళం తీయించాలన్నది కూడా కోర్టును అది కోరిన ఉపశమనాల్లో ఒకటి. ఇక్కడ ప్రశ్న: ఎవరైనా మార్చవచ్చని చెప్పే చోట మమ్మల్ని ఎందుకు మార్చనివ్వడం లేదు?

తలుపు తెరిచి ఉంచితే ఒక ఫిర్యాదు, మూసేస్తే ఇంకో ఫిర్యాదు. ఇది కేవలం వికీపీడియా ఇంటి గొడవ కాదు. ఒక మనిషి గురించి, కులం గురించి, యుద్ధం గురించి గూగుల్‌లో వెతికితే మొదట కనబడేదీ, ఏఐ చాట్‌బాట్లు నేర్చుకునేదీ చాలావరకు అక్కడి వాక్యాలే. ఆ వాక్యాలను ఎవరు ముట్టుకోవచ్చో తేల్చే నిబంధనలు కోర్టు గదుల దాకా వెళ్లడంలో వింతేమీ లేదు. ఆ నిబంధనలు ఎలా పనిచేస్తాయో తెలిసినవారు తక్కువగా ఉండడమే వింత.

తాళాల్లో రకాలు

వికీపీడియా పుట్టిన 2001లో దాదాపు ఏ అడ్డూ లేదు. మొదటి గట్టి దెబ్బ 2005లో తగిలింది. అమెరికన్ పాత్రికేయుడు జాన్ సీగెంథాలర్‌కు కెనెడీ సోదరుల హత్యలతో సంబంధం ఉందని అనుమానించారంటూ ఒక అనామకుడు ఆయన పేజీలో పచ్చి అబద్ధం రాశాడు. అది నాలుగు నెలలకు పైగా అలాగే ఉండిపోయింది. ఆ గొడవ తరువాత 2005 డిసెంబర్ నుంచి ఇంగ్లిష్ వికీపీడియాలో ఖాతా లేనివారు కొత్త వ్యాసం మొదలుపెట్టడం కుదరలేదు. 2018 నుంచి ఆ హక్కు పొందాలంటే ఖాతాకు 4 రోజుల వయసు, 10 దిద్దుబాట్లు ఉండాలి.

ఈ 4 రోజులు, 10 దిద్దుబాట్ల గీతే తేలికపాటి తాళానికీ కొలమానం. క్రికెటర్ల, సినిమా తారల పేజీలకు తరచూ పడేది ఇదే. దీనికి పైన ఉన్నది 500 దిద్దుబాట్లు, 30 రోజుల గోడ. 2015లో ఇజ్రాయెల్-పాలస్తీనా వ్యాసాల మీద కొట్లాట అదుపు తప్పినప్పుడు, వాడుకరులు ఎన్నుకునే మధ్యవర్తిత్వ సంఘం దీన్ని ఆ విషయం మొత్తానికి వర్తింపజేసింది. మరుసటి ఏడాది సాఫ్ట్‌వేర్‌లోనే దీనికి ఏర్పాటు వచ్చింది. అన్నిటికంటే పైన ఉన్నది పూర్తి తాళం: నిర్వాహకులు తప్ప ఎవరూ పేజీని మార్చలేరు. ఇవి కాక ఏ వ్యాసంలోనైనా 24 గంటల్లో మూడుసార్లకు మించి ఇతరుల రాతను తిరగ్గొట్టకూడదన్న నియమం ఉంది. ఇది తాళం కాదు, చేతికి పగ్గం. గొడవ ఎక్కువైన విషయాల్లో దాన్ని ఒక్కసారికి కుదిస్తారు.

జర్మన్ వికీపీడియా 2008లో ఇంకో దారి పట్టింది. ఎవరైనా రాయవచ్చు, కానీ అనుభవం ఉన్న వాడుకరి చూసి సరే అన్నాకే అది పాఠకులకు కనిపిస్తుంది. ఆ పద్ధతి అర్ష్‌దీప్ పేజీకి ఆ రాత్రి ఉండి ఉంటే స్క్రీన్‌షాట్ తీయడానికి ఏమీ ఉండేది కాదు. అలాగని దాన్ని అన్నిచోట్లా పెట్టడమూ కుదరదు, ఎందుకంటే చూసి సరే అనడానికి మనుషులు కావాలి.

ఏ తాళం వేసినా ఎవరు వేశారు, ఎప్పుడు, ఏ కారణంతో, ఎంతకాలానికి అన్నది చిట్టాలో నమోదవుతుంది, ఎవరైనా చూడవచ్చు. పత్రికా కార్యాలయంలో ఒక వార్త ఎందుకు ఆగిందో బయటివాళ్లకు తెలిసే అవకాశం ఎప్పుడూ లేదు. ఈ ఒక్క విషయంలో వికీపీడియా చాలా మీడియా సంస్థల కంటే ముందుంది. ఏఎన్ఐ కేసు గురించి మాట్లాడినవారిలో చాలామంది ఈ తేడాను పట్టించుకోలేదు. తాళం ఉందంటే వెనకాల కంపెనీ ఉందనుకున్నారు. నిజానికి ఇలాంటి తాళాలు వేసేది సాధారణంగా వికీమీడియా ఫౌండేషన్ ఉద్యోగులు కాదు, జీతం లేని వాడుకరులే.

సంఖ్య చెప్పేది, చెప్పనిది

దక్షిణాసియా వాడుకరులకు 500-30 గోడ బాగా పరిచయం. కులాల వ్యాసాలు, భారత సైనిక చరిత్ర వ్యాసాలు ఇంగ్లిష్ వికీపీడియాలో ఇప్పుడు మొత్తంగా ఈ నిబంధన కిందే ఉన్నాయి. కారణం ఊహించడం కష్టం కాదు. తమ కులం ఫలానా రాజవంశం నుంచి వచ్చిందని రాసేవారు, పక్క కులం పేజీలో ఉన్న గొప్ప మాటలు చెరిపేసేవారు, బ్రిటిష్ కాలపు జనాభా గ్రంథాలను ఆధారంగా చూపేవారు ఏళ్ల తరబడి అక్కడ తలపడ్డారు. తెలుగు రాష్ట్రాల్లోని పెద్ద కులాల పేజీలూ ఇందుకు మినహాయింపు కాదు. సైనిక చరిత్రలోనూ అంతే. ఏ యుద్ధంలో ఎవరు గెలిచారు, ఎందరు చచ్చారు అన్న పెట్టెలోని రెండు వరుసల కోసం నెలల తరబడి పోరు.

గోడ కట్టాక దుమ్ము తగ్గింది. దాని వెల కూడా ఉంది. ఒక సంచార కులానికి చెందిన యువతి తన సముదాయం గురించి ఉన్న పేజీలో వలస పాలకుల నాటి అవమానకరమైన వర్ణన చూసిందనుకుందాం. దాన్ని తొలగించడానికి ఆమె దగ్గర విశ్వవిద్యాలయ ప్రచురణ ఆధారంగా ఉంది. అయినా వ్యాసాన్ని ముట్టుకోలేదు. చర్చా పేజీలో 'ఈ వాక్యాన్ని ఇలా మార్చండి' అని విన్నపం పెట్టడం ఒక్కటే ఆమెకు మిగిలిన దారి. అటు, పదేళ్లుగా అచ్చుతప్పులు సరిచేస్తూ వచ్చిన ఒక విదేశీ వాడుకరికి ఆ సముదాయం పేరు పలకడం రాకపోయినా అడ్డు లేదు. 500 అన్న అంకె ఓపికను కొలుస్తుంది, తెలివిని కాదు, నిజాయతీని అసలే కాదు.

పైగా ఓపికను దొంగిలించవచ్చు. ఏదో ఒక పేజీలో కామాలు చేర్చి తీసేస్తూ 500 పూర్తిచేసుకుని, ముప్ఫై ఒకటో రోజున అసలు పనికి దిగేవారు ఉన్నారు. పట్టుబడితే ఆ హక్కు పోతుంది. అయితే పట్టుకోవడానికి ఎవరో కూర్చుని చూడాలి.

బహుశా అందుకే మధ్యవర్తిత్వ సంఘం 2025 జనవరిలో ఇజ్రాయెల్-పాలస్తీనా విషయంలో భిన్నమైన ఆంక్షను ముందుకు తెచ్చింది. ఆ ఆంక్ష పడిన వాడుకరి ఏ 30 రోజుల్లోనైనా తన దిద్దుబాట్లలో మూడో వంతుకు మించి ఆ విషయంలో చేయకూడదు. మిగతా రెండు వంతులూ వేరే ఏదైనా రాయాలి. ఇది కొత్తవారిని బయట నిలబెట్టదు. ఒకే పంతంతో పగలూ రాత్రీ కూర్చున్న పాతవారిని పట్టుకుంటుంది. ఎడిటింగ్ పరిమితి అనగానే కొత్త ఖాతాల వైపే వేలు చూపే అలవాటును ఇది కాస్తయినా మార్చింది. చాలా వ్యాసాలను వంచేది దారిన పోయే కుర్రాడు కాదు. అన్ని నియమాలూ తెలిసి, అలసిపోకుండా, మర్యాదగా, రోజుకొక్క వాక్యం మార్చే మనిషి.

తాళంచెవి ఉన్నవారికి పరిమితి

చిన్న భాషల్లో కథ వేరు. ఇంగ్లిష్‌లో 800 మందికి పైగా నిర్వాహకులు ఉన్నారు. ఒకరు తప్పు చేస్తే ఇంకొకరు సరిదిద్దుతారు. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాలో వ్యాసాలు లక్ష దాటినా, రోజువారీగా నిర్వహణ చూసేవారు పిడికెడు మందే. అక్కడ 500 దిద్దుబాట్ల గోడ కడితే లోపల మిగిలేది ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునే కొద్దిమందే.

అలాంటి చోట ఏం జరగగలదో క్రొయేషియన్ వికీపీడియా చూపించింది. అక్కడ దాదాపు దశాబ్దం పాటు ఒక చిన్న నిర్వాహక బృందం పట్టు సాధించింది. రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఫాసిస్టు ప్రభుత్వ నేరాలను తక్కువ చేసి రాసింది. ఎదురు చెప్పినవారిని నిరోధించింది. పేజీలకు తాళాలు వేసింది. ప్రతి చర్యకూ చిట్టాలో ఏదో ఒక నియమం కారణంగా కనిపిస్తుంది. 2020 నాటికి గానీ వారి పట్టు సడలలేదు. 2021లో ఫౌండేషన్ వెలువరించిన నివేదిక అక్కడ జరిగింది పథకం ప్రకారం చేసిన వక్రీకరణేనని తేల్చింది. నియమాలు లేక కాదు, వాటి మీద అప్పీలు వినేవారు బయట ఎవరూ లేక జరిగింది.

దీనికి ఎదురు కొసన స్కాట్స్ వికీపీడియా ఉంది. ఆ భాష రాని ఒక అమెరికన్ కుర్రాడు మంచి ఉద్దేశంతోనే ఏళ్ల తరబడి వేల వ్యాసాలు రాసిపడేశాడు. నిఘంటువు చూసి ఇంగ్లిష్ మాటలకు స్కాట్స్ మాటలు అతికించాడు. 2020లో బయటపడేదాకా అడ్డు చెప్పినవారు లేరు. 500-30 గోడను అతను ఎప్పుడో దాటేసేవాడు. తెలుగుకూ ఇలాంటి అనుభవం దగ్గరగా వచ్చి వెళ్లింది. 2009 ప్రాంతంలో గూగుల్ తన అనువాద పరికరంతో తెలుగు, తమిళం, బెంగాలీ వంటి భాషల వికీల్లోకి డబ్బిచ్చి చేయించిన అనువాదాలను చేర్చింది. బెంగాలీ వాడుకరులు వద్దన్నారు. తమిళులు షరతులు పెట్టారు. తెలుగులో చేరిన కృతకమైన వ్యాసాలను ఏం చేయాలన్న చర్చ ఆ తరువాత చాలాకాలం నడిచింది. నేడు యంత్రానువాదం ఉచితంగా, క్షణాల్లో దొరుకుతోంది. చిన్న వికీకి ఇప్పుడు కావలసిన పరిమితి మనిషి వయసు మీద కాదు, అతను రోజుకు గుమ్మరించే రాత మీద. వికీపీడియా అనువాద పరికరంలో ఆ వీలుంది. యంత్రం ఇచ్చిన పాఠాన్ని ఎంత శాతం మార్చకుండా వదిలేస్తే ప్రచురణ ఆపాలో భాషకు తగ్గట్టు నిర్ణయించుకోవచ్చు. ఇంగ్లిష్ వికీపీడియా అయితే ఆ పరికరాన్నే 500-30 దాటినవారికి మాత్రమే ఇచ్చింది.

ఖాతా లేనివారిని పూర్తిగా ఆపేస్తే? పోర్చుగీసు వికీపీడియా 2020 అక్టోబర్‌లో ఆ పనే చేసింది. చెత్త రాతలు, నిరోధాలు తగ్గాయి. ఫార్సీ వికీపీడియా అదే ప్రయోగం చేస్తే చెత్తతో పాటు పనికొచ్చే దిద్దుబాట్లూ పడిపోయాయి. ప్రభుత్వ నిఘా ఉన్న దేశంలో ఖాతా తెరవడమే కొందరికి భయం కావచ్చు.

ఆ భయం భారత్‌కూ కొత్తది కాదు. 2025 ఫిబ్రవరిలో 'ఛావా' సినిమా విడుదలైన రోజుల్లో, ఛత్రపతి శంభాజీ పేజీలోని రాతలపై మహారాష్ట్ర సైబర్ పోలీసులు వికీపీడియా వాడుకరుల మీద కేసు పెట్టారు. ఏఎన్ఐ కేసులోనూ మొదట పెద్ద పోరు ముగ్గురు వాడుకరుల వివరాల గురించే జరిగింది. ఇవ్వలేదని ఏఎన్ఐ ధిక్కార పిటిషన్ వేయగా, భారత్ నచ్చకపోతే ఇక్కడ పనిచేయొద్దని 2024 సెప్టెంబర్‌లో హైకోర్టు న్యాయమూర్తి ఆగ్రహించారు. చివరకు ఫౌండేషనే వారికి సమన్లు అందజేసేలా నవంబర్‌లో రాజీ కుదిరింది. అక్టోబర్‌లో ఆ కేసు గురించి ఉన్న వికీపీడియా పేజీనే తొలగించాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ఏఎన్ఐకి అనుకూలంగా వచ్చిన మధ్యంతర ఆదేశాలను మరీ విస్తృతంగా ఉన్నాయంటూ సుప్రీంకోర్టు పక్కనబెట్టి, మళ్లీ సింగిల్ జడ్జి దగ్గరికే వెళ్లమంది. మే 9న జస్టిస్ అభయ్ ఎస్. ఓకా, జస్టిస్ ఉజ్జల్ భుయాన్‌ల ధర్మాసనం కేసు పేజీ తొలగింపు ఆదేశాన్నీ కొట్టేసింది. విచారణలో ఉన్న విషయాలపైనా ప్రజలు, పత్రికలు గట్టిగా చర్చించుకోగలగాలని తేల్చింది.

పేజీలోని అబద్ధం మీద కోర్టుకు వెళ్లే హక్కు ఏఎన్ఐకి ఉంది, ఎవరికైనా ఉంది. కానీ తాళం తీయమనడం వేరు. తన గురించిన పేజీలో తనకు నచ్చని వాక్యం తీసేయాలనుకునే ప్రతి కంపెనీ, ప్రతి నాయకుడు రేపు అదే అడుగుతారు. వారి తరఫున రాయడానికి జీతగాళ్లు ఉంటారు. సంచార కులపు యువతికి ఉండరు. గోడ కూలితే ముందు లోపలికి వచ్చేది ఆమె కాదు.

ఆమెకు కావలసింది గోడ కూలడం కాదు, చర్చా పేజీలో పెట్టిన విన్నపానికి జవాబు. ఇంగ్లిష్ వికీపీడియాలో అలాంటి విన్నపాలకు ప్రత్యేకంగా ఒక వరుస ఉంది. వివాదాస్పద విషయాల్లో పెట్టినవి ఒక్కోసారి వారాల తరబడి అందులోనే నిలబడి ఉంటాయి. తెలుగు వికీపీడియాలో విధానాలు చర్చించుకునే చోటికి రచ్చబండ అని పేరు. అక్కడికి ఎవరైనా వచ్చి అడగవచ్చు. ఇప్పటికైతే గొడవలు తక్కువ, తాళాలూ తక్కువ. ఎన్నికల వేళ ఏదో ఒక పేజీ అంటుకున్నాక నియమాలు రాయడం కంటే, తాళం ఎంతకాలం ఉండాలి, వేసిన నిర్వాహకుడు కాక ఇంకెవరు దాన్ని సమీక్షించాలి అన్న రెండు విషయాలు ఆ రచ్చబండ మీద ఈ తీరిక రోజుల్లోనే తేల్చుకోవచ్చు.