పనిబట్టలకు పన్ను రాయితీ: మనకు దక్కునది ఎంత?

పనిబట్టల ఖర్చునకు ఆదాయపు పన్నులో రాయితీ ఉన్నదట, అది అద్దకమువారి గ్లౌజులకు కూడ వర్తించునా అని అస్కా, బరంపురం ప్రాంతపు సభ్యులు కొందరు అడుగుచున్నారు. ప్రశ్న మంచిదే. జవాబు మాత్రము అంత రుచించునది కాదు.

ఆదాయపు పన్ను చట్టము, దాని క్రింది రూళ్ల ప్రకారము యజమాని ఇచ్చు యూనిఫాం అలవెన్సులో, నిజముగా యూనిఫాం కొనుటకును బాగుచేయించుకొనుటకును అయిన మేరకే పన్ను లేదు. అలవెన్సే లేని జీతగాడు తన చొక్కా బిల్లు చూపి ప్రయోజనము లేదు. 2020లో వచ్చిన కొత్త పద్ధతిలో ఈ మినహాయింపు లేదు. 2023-24 నుండి, కోరి పాత పద్ధతి ఎంచుకొననివారందరికిని కొత్తదే వర్తించుచున్నది. దానిలో జీతగాండ్రకు 75 వేల రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ కలదు. 2025-26 నుండి జీతముపై 12 లక్షల ఆదాయము వరకు రిబేటు వలన పన్ను పడదు. కనుక అస్కా చక్కెర ఫ్యాక్టరీలోనో, ఆసుపత్రిలోనో, బస్సుమీదనో పనిచేయు మన పిల్లలలో చాలమందికి యూనిఫాం బిల్లు వలన ఒరుగునది లేదు. బిల్లులు తామే పుట్టించి రిఫండు తెప్పింతుమని కమీషను అడుగువారిని దగ్గరకు రానీయవద్దు. పట్టుబడిననాడు జరిమానా కట్టునది వారు కాదు.

ఇంగ్లండులో యూనిఫాం తానే ఉతుకుకొను ఉద్యోగికి సాధారణముగా ఏడాదికి 60 పౌనుల మినహాయింపు ఇత్తురు. 20 శాతము పన్ను కట్టువానికి మిగులునది 12 పౌనులు. అదియును పన్ను కట్టువానికే!

మగ్గముమీద బ్రతుకువాని ఆదాయము ఆ పన్ను గడప త్రొక్కదు. సహకార సంఘములకా, కుటీర పరిశ్రమపై వచ్చు లాభమునకు 80పి సెక్షను ఏనాడో మినహాయింపు ఇచ్చినది. పన్నే లేనిచోట రాయితీ ఎక్కడిది? అట్లని నేతగాడు పన్నే కట్టడనుట అబద్ధము. 2017 జులై 1 నుండి నూలుపై 5 శాతము జి.ఎస్.టి. ధరలో కలిసియే వచ్చుచున్నది. రిజిస్ట్రేషను లేని ఇంటి నేతగాడు దానిని తిరిగి రాబట్టుకొనలేడు. బట్టపై పన్నును 2022 జనవరి 1 నుండి 12 శాతము చేయబోయి, నేతవారు గగ్గోలు పెట్టగా 2021 డిసెంబరు 31న కౌన్సిలు ఆపినది. మన గొంతు పనిచేయు చోటు అది.

అసలు బాధ పన్నుకన్న పెద్దది. వాట్ రంగులు వేయువాడు కాస్టిక్ సోడా, హైడ్రోసు కలిసిన నీళ్లలో వట్టి చేతులు ముంచును. వ్రేళ్లు పగులును, గోళ్లు మెత్తబడును, అన్నము కలుపుకొనుటకే మంట. బరంపురం పట్టుచీరకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చినందుకు మనమందరము సంతోషించితిమి. రంగు వేసిన చేయి ఎట్లున్నదో ఏ ధ్రువపత్రమును చెప్పదు. గంజాం నుండి సూరతు మరమగ్గములకు పోయినవారి స్థితి వేరొక తీరు. పన్నెండేసి గంటలు ఆ మోతలో, నూలు దుమ్ములో నిలిచి, ఇంటికి వచ్చునాటికి చెవులు మందగించినవారు మనకు తెలియనివారు కారు.

కార్మికుని రక్షణకు ఇచ్చు సామగ్రికి అతనినుండి పైకము వసూలు చేయరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 114వ సెక్షను చెప్పినది. 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చిన వృత్తి భద్రత కోడు కూడ ఆ భారము యజమానిదే అనుచున్నది. అయితే ఇంటి పెరటిలోని రంగు బాన ఫ్యాక్టరీ కాదు. మాస్టరు వీవరు నూలు ఇచ్చును, రంగు ఇచ్చును, కూలి ఇచ్చును. గ్లౌజుల మాట ఎత్తడు. మనమును ఎత్తము.

మా అభిప్రాయములో ఆదాయపు పన్ను రాయితీకి మహజరులు వ్రాయుట వృథా. చీర ఖర్చు కట్టునపుడు నూలు, రంగు, కూలి ప్రక్కన గ్లౌజులు, ఏప్రాను, ముక్కుగుడ్డ అని ఇంకొక పద్దు వేయవలెను. ఒక జత గ్లౌజులు ఎన్నో చీరల అద్దకమునకు వచ్చును గనుక చీరకు పడునది స్వల్పమే. దానికి గొణుగు షావుకారు దేనికైనను గొణుగును. చిలప నూలుపై కేంద్రము 15 శాతము ధర రాయితీ ఇచ్చుచున్నది గదా, అద్దకపు రక్షణ సామగ్రిని కూడ ఆ పథకములో చేర్చుమని అడుగుటలో తప్పు లేదు. ఈలోగా ప్రతి సంఘమును తన అద్దకమువారికి ఏడాదికి ఎన్ని జతలు కావలెనో లెక్కకట్టి సర్వసభ్య సమావేశమునకు తెచ్చినచో, అన్ని సంఘములకు కలిపి టోకున కొనుగోలు మాట అక్కడనే తేల్చుకొనవచ్చును.