కొండ దిగితే మనం ఎవరి మనుషులం?

విశాఖలో ఐదు రూపాయలకు అన్నం దొరుకుతుంది. అన్న క్యాంటీన్ ముందు లైన్లో నిలబడి, ఐదు రూపాయలిచ్చి, టోకెన్ తీసుకుని తినడమే. నీది ఏ ఊరు, ఏ వార్డు, ఆధార్‌లో అడ్రస్ ఏముంది అని ఎవరూ అడగరు. 2019లో మూసేసి 2024 ఆగస్టులో మళ్ళీ తెరిచిన ఈ క్యాంటీన్ల వెనక ఏ పార్టీ రాజకీయం ఉందో నాకూ తెలుసు, దాన్ని పక్కన పెడదాం. నగరంలో మన ఏజెన్సీ మనుషులకు ఏ పేచీ లేకుండా అందే సర్కారు సేవ చెప్పమంటే నాకు ముందు గుర్తొచ్చేది ఇదే. మిగతా చాలా సేవలు అన్నం పెట్టేముందు అడ్రస్ అడిగే రకం.

మిత్రులారా, ఈ ఒక్క తేడా గురించే ఈరోజు రాస్తున్నాను.

మనవాళ్ళు విశాఖ ఎందుకు దిగుతారో మీకు చెప్పక్కర్లేదు. రోడ్డు దాకా డోలీ, అక్కణ్ణుంచి దొరికితే ఫీడర్ అంబులెన్స్, పాడేరులో చూసి కేజీహెచ్‌కి రాస్తారు. ఘాట్ దిగి వందకి పైగా కిలోమీటర్లు. ఇంకొందరు బిల్డింగ్ పనులకు, చదువులకు, కోర్టు వాయిదాలకు వస్తారు. రోగితో ఒక్కరు రారు, ఇద్దరు ముగ్గురు వస్తారు. అది మన పద్ధతి. రోగికి మంచం దొరుకుతుంది. వెంట వచ్చినవాళ్ళ సంగతి? ఏ పెద్దాసుపత్రికైనా రాత్రి పదకొండు దాటాక వెళ్ళి చూడండి. వరండాలో, మెట్ల కింద, చెట్టు కింద దుప్పటి కప్పుకుని పడుకున్నవాళ్ళలో మన భాషలు వినిపిస్తాయి. వారాల తరబడి అక్కడే ఉంటారు. మూడు వారాలు ఒక ఊళ్ళో తిని, పడుకుని, మందుల చీటీ పట్టుకుని తిరిగిన మనిషి ఆ ఊరి మనిషి కాదా? నగరం లెక్కలో కాదు.

ఎందుకు కాదంటే, మన బాధ్యత రెండు ఆఫీసుల మధ్య పడిపోయింది. ఐటీడీఏ పని ఏజెన్సీ లోపల. నువ్వు ఘాట్ దిగిపోయావు కాబట్టి అది కార్పొరేషన్ సంగతి అంటారు. కార్పొరేషన్‌కి వెళ్తే నీ అడ్రస్ కొండ మీద ఉంది, మీ ఐటీడీఏని అడుగు అంటారు. వార్డు సచివాలయంలో అయితే ఇంకో మాట వినిపిస్తుంది, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్. మీ కుటుంబం మీ ఊరి సచివాలయంలో మ్యాప్ అయి ఉంది కాబట్టి ఇక్కడ అప్లికేషన్ తీసుకోరు. నగరంలో ఒక సచివాలయానికి మా పక్క ఊరి అక్కతో నేనే వెళ్ళాను. ఆమె రెండేళ్ళుగా ఆ వీధిలోనే ఇళ్ళల్లో పని చేస్తోంది. సిస్టమ్‌లో మీరు ఇక్కడ లేరమ్మా అన్నాడు ఆ పిల్లాడు. తప్పు ఆ పిల్లాడిది కాదులెండి, స్క్రీన్ మీద ఉన్నదే చదివాడు.

ఇప్పుడు చట్టం ఏం చెబుతుందో చూడండి. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూల్‌లో పట్టణ సంస్థలకు అప్పగించగల పనులు 18 ఉన్నాయి. అందులో బలహీన వర్గాల ప్రయోజనాలు కాపాడటం ఒకటి, పట్టణ పేదరికం తగ్గించడం ఇంకొకటి. నగరంలో పుట్టిన బలహీనులు మాత్రమే అని అక్కడ రాసి లేదు. మనం కాలేజీలో 5వ షెడ్యూల్ బట్టీపట్టాం, 1/70 మీద గంటలు గంటలు మాట్లాడతాం, మంచిదే. నగరంలో బతుకుతున్న మనం ఈ 12వ షెడ్యూల్‌ని కూడా ఒకసారి తెరిచి చూడాలి.

షెల్టర్ల విషయం తీసుకోండి. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2010లో నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున 24 గంటలూ నడిచే షెల్టర్లు ఉండాలని చెప్పింది. తర్వాత జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ నిబంధనల్లోనూ అదే లెక్క పెట్టారు. మనిషికి కనీసం 50 చదరపు అడుగుల చోటు ఉండాలని కూడా రాశారు. 2011 జనాభా లెక్కల్లో విశాఖ నగరం 17 లక్షలు దాటింది. అంటే ఆనాటి లెక్కకే 17 షెల్టర్లు కావాలి, ఈరోజు జనాభాకు ఇంకా ఎక్కువే. హైదరాబాద్ అప్పుడు 67 లక్షలు, అక్కడా అదే గుణకారం. ఉట్నూరు నుంచి, భద్రాచలం నుంచి నిమ్స్‌కీ గాంధీకీ వెళ్ళే మన గోండు, కోయ బంధువులను అడగండి, ఎక్కడ పడుకున్నారో చెబుతారు. షెల్టర్ ఉన్నచోట కూడా అది ఉందని మనవాళ్ళకు చెప్పేవాడు లేడు. ఆసుపత్రి గేటు దగ్గర మందుల షాపు బోర్డులు ఇన్ని కనిపిస్తాయి, షెల్టర్‌కి దారి చూపించే బోర్డు ఎక్కడైనా చూశారా?

కేజీహెచ్‌లో ఎస్టీ సెల్ ఉంది. ఏజెన్సీ నుంచి వచ్చిన రోగులకు దారి చూపించడం దాని పని. ఇది మంచి ఆలోచన, పోరాడి నిలబెట్టుకోవాల్సినది. కానీ 2023 ఫిబ్రవరిని మనం మర్చిపోలేదు. మన ఏజెన్సీ నుంచి వచ్చిన దంపతులు, అక్కడ చనిపోయిన తమ పసిబిడ్డను బండి మీద పెట్టుకుని పాడేరు దాకా వచ్చారు. అంబులెన్స్ ఏర్పాటు చేస్తుండగానే వాళ్ళు వెళ్ళిపోయారని ఆసుపత్రి చెప్పింది. ఆ మాటే నిజమనుకుందాం. అప్పుడు నా ప్రశ్న ఇంకా గట్టిది. మృతదేహాన్ని ఉచితంగా ఇంటికి చేర్చే మహాప్రస్థానం వాహనాలు ఉన్నాయి, ఎస్టీ సెల్ ఉంది, అయినా బిడ్డ పోయిన తల్లిదండ్రులకు ‘కాసేపు ఆగండి, మేం పంపిస్తాం’ అనే మాట వాళ్ళకు అర్థమయ్యేలా, నమ్మేలా ఎవరూ ఎందుకు చెప్పలేకపోయారు? కాగితం మీద సేవ ఉండటం వేరు, మనిషి పక్కన మనిషి నిలబడటం వేరు.

భాష సంగతి ఇక్కడే చెప్పాలి. కువి మాత్రమే వచ్చిన అవ్వని డాక్టర్ తెలుగులో ‘ఎన్నాళ్ళ నుంచి నొప్పి?’ అని అడిగితే, జవాబు చెప్పేది వెంట వచ్చిన ఎనిమిదో క్లాసు మనవడు. ఆడవాళ్ళ జబ్బు గురించి అవ్వ మనవడి ముందు ఏం చెప్పుకుంటుంది? సగం దాచేస్తుంది. ఆ సగం మీదే వైద్యం జరుగుతుంది. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే ఇద్దరు అమ్మాయిలను, డిగ్రీ పాసై ఖాళీగా ఉన్న మన చెల్లెళ్ళనే, జీతమిచ్చి ఆ సెల్‌లో కూర్చోబెట్టడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. పగలొకరు, రాత్రొకరు. రోగం ఆఫీసు టైముకి రాదు కదా.

మన సభల్లో కొందరు అన్నలు ఒక మాట అంటున్నారు. నగరంలో సౌకర్యాలు అడగడం మొదలుపెడితే ఏజెన్సీలో ఆసుపత్రి, డాక్టర్లు కావాలనే డిమాండ్ పలచబడుతుంది, అసలు మనం కొండ ఎందుకు దిగాలి, అని. ఆ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వందల కిలోమీటర్లు తిరగాల్సిన అవసరమే లేకుండా చేయాలనేది మొదటి డిమాండ్, దాన్ని వదలొద్దు. కానీ అన్నా, ఈరోజు రాత్రి వరండాలో పడుకున్న అవ్వకి ఆ జవాబు చెప్పగలవా? పాడేరులో అన్ని విభాగాల డాక్టర్లు వచ్చేదాకా ఆమె అలాగే పడుకోవాలా? రెండూ అడగాలి. నిజానికి నగరంలో మన రోగుల లెక్క, ఏ మండలం నుంచి ఏ జబ్బుతో వచ్చారో ఆ లెక్క, బయటికి వస్తే ఏజెన్సీ ఆసుపత్రుల కోసం మన వాదనకి అదే బలం.

ఇక మనం, నగరంలో చదువుకుంటున్నవాళ్ళం, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళం. ఇప్పటికే చాలామంది చేస్తున్నారు. అర్ధరాత్రి ఫోన్ వస్తే రక్తం ఇవ్వడానికి పరిగెత్తే తమ్ముళ్ళు ఉన్నారు, మన వాట్సాప్ గ్రూపులే మన అసలు హెల్ప్‌లైన్. ఇది మన సాయం పట్టే పద్ధతి, ఊళ్ళో ఒకరి చేను కోతకు అందరూ వెళ్ళినట్టు. అయితే సర్కారు చేయాల్సిన పనికి మనం జీతం లేని మనుషులం కాకూడదు. ఏడాదికోసారి దుప్పట్లు పంచి మన అవ్వల మొహాల మీద కెమెరా పెట్టేవాళ్ళ దానమూ మనకొద్దు. మనం వెళ్ళేది సేవకోసం కాదు, హక్కు అడగడానికి తోడు.

తోడు వెళ్ళేవాడికి కొన్ని తెలిసి ఉండాలి. రేషన్ బియ్యం మన రాష్ట్రంలో ఏ డిపోలోనైనా తీసుకోవచ్చు, ఊరికి వెళ్ళి తెచ్చుకోవాల్సిన పనిలేదు. 2019 నుంచి తెలంగాణలోనూ ఆ వీలుంది. బిల్డింగ్ పనికి వచ్చినవాళ్ళు ఏడాదిలో 90 రోజులు పనిచేసి ఉంటే సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. కొట్టే మొగుడి నుంచి పారిపోయి వచ్చిన అక్క కోసం 181, తప్పిపోయిన పిల్లల కోసం 1098.

అన్నిటికంటే మనవాళ్ళకు తెలియనిది ఇంకోటి ఉంది. 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్టీలకు కోర్టులో ఉచిత లాయర్ హక్కు. ఆదాయం ఎంతైనా సరే, ఆదాయ సర్టిఫికెట్ అడగడానికే వీల్లేదు. ఫోన్ నంబర్ 15100. దీని విలువ తెలియాలంటే విశాఖ సెంట్రల్ జైలు గుర్తు చేసుకోండి. గంజాయి మూట మోసినందుకు మన పిల్లలు అక్కడ ఉన్నారు, మోయించినవాడు బయట ఉన్నాడు. పొలం తాకట్టు పెట్టి, చేతికొచ్చిన లాయర్‌కి డబ్బు కట్టి, వాయిదాకి వస్తే జడ్జి లేరని తిరిగెళ్ళే తండ్రులు కాంప్లెక్స్ బస్టాండ్‌లో రాత్రిళ్ళు కూర్చుంటారు. వాళ్ళకీ షెల్టర్ కావాలి, వాళ్ళకీ ఒక మనిషి కావాలి.

కార్పొరేషన్ కమిషనర్‌కీ ఐటీడీఏ పీవోకీ కలిపి ఒకే వినతిపత్రం ఇద్దాం, విడివిడిగా వద్దు. విడిగా ఇస్తే ఒకరి మీదకి ఒకరు తోసేస్తారు. ఇద్దరి సంతకాలతో జవాబు కావాలని అందులోనే రాద్దాం. నగరంలో ఎక్కడెక్కడ షెల్టర్లు ఉన్నాయి, ఎన్ని మంచాలు, రోగి బంధువులను రానిస్తారా లేదా, ఈ మూడూ సమాచార హక్కు కింద అడగడానికి పది రూపాయలు చాలు. విశాఖలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఈ వారం ఆ దరఖాస్తు రాయడానికి ముందుకొస్తే కామెంట్‌లో మీ మండలం పేరు పెట్టండి, కూర్చుని రాద్దాం.