లోకం పోకడ: అక్షరం పడగొట్టిన ఫోను

మన అక్షరానికి ఎంత బలముందో 2018 ఫిబ్రవరిలో లోకమంతటికీ తెలిసివచ్చింది. "జ్ఞానం"లో మొదటి అక్షరం "జ్ఞా" ఉంది చూశారూ, అది ఒకరకంగా టైపయి మెసేజిలో వచ్చిందంటే చాలు, ఐఫోను చతికిలబడేది. ఆ మెసేజి పెట్టె మళ్ళీ తెరుచుకునేది కాదు. ఒత్తులు నేర్చుకునేటప్పుడు మన పిల్లలు తల పట్టుకున్నట్టే, అంత ఖరీదైన యంత్రమూ తల పట్టుకుంది!

సంగతేమిటంటే, కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. 1991లో మొదలైన యూనికోడ్ పద్ధతిలో "జ"కు 3100, "ఞ"కు 3102 అని నంబర్లు ఉన్నాయి. "జ్ఞా"కు విడిగా నంబరు లేదు. జ, పొల్లు, ఞ, దీర్ఘం వరుసగా వస్తే యంత్రమే వాటిని కూర్చి ఒక్క అక్షరంగా చూపించాలి. ఆ మెసేజిల్లో వీటి మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటి దూరింది. దాంతో ఏం చెయ్యాలో తోచక ఫోను ప్రోగ్రాం కుప్పకూలింది. ఫిబ్రవరి మధ్యలో గోల మొదలైతే, 19వ తేదీకల్లా ఆపిల్ కంపెనీ మరమ్మతు పంపించింది. వారం కూడా తిరగలేదు.

ఇదంతా నవ్వుకోవడానికి మాత్రమే చెప్పడం లేదు. అవే ఫోన్లు కూర్చే చేతుల సంగతి కూడా ఒకటుంది.

2021 డిసెంబరులో, మన తిరువళ్ళూరు జిల్లాలోనే, పూనమల్లి దగ్గర ఒక హాస్టలులో భోజనం వికటించింది. శ్రీపెరుంబుదూరు ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో ఐఫోన్లు తయారుచేసే ఆడపిల్లలు నూట యాభై మందికి పైగా ఆస్పత్రి పాలయ్యారు. తోటి పిల్లలు బెంగుళూరు హైవే మీద బైఠాయించాక గాని వాళ్ళ గోడు లోకానికి వినబడలేదు. ఫ్యాక్టరీ మూతపడి 2022 జనవరి 12న మళ్ళీ తెరుచుకుంది. కొన్ని హాస్టళ్ళు, భోజనశాలలు తమ ప్రమాణాలకు తగ్గట్టు లేవని ఆపిల్ కంపెనీయే ఒప్పుకుంది. అక్షరం తేడా వస్తే వారంలోపు మరమ్మతు. అన్నం తేడా వస్తే పిల్లలు రోడ్డెక్కాలి!

తర్వాత మంచీ జరిగింది. 2024 ఆగస్టులో వల్లం వడగల్‌లో 18,720 మంది ఉండగలిగే హాస్టలు తెరిచారు. ఈ మధ్యలోనే ఇంకో ముచ్చట. 2023 ఏప్రిల్ 21న పన్నెండు గంటల పనిదినానికి వీలు కల్పించే బిల్లు శాసనసభలో నెగ్గింది. కార్మిక సంఘాలన్నీ ఒక్కటై ఎదిరిస్తే మూడు రోజుల్లో ఆగింది. మే 1న, కార్మికుల పండుగ నాడే, వెనక్కు తీసుకున్నామన్నారు. ఆ లెక్క నేనూ వేసి చూశాను. తిరుత్తణి వైపు నుంచి కంపెనీ బస్సులో రానూ పోనూ మూడు గంటలనుకుంటే, పన్నెండుతో కలిపి పదిహేను. మిగిలిన తొమ్మిదిలోనే నిద్ర, స్నానం, వంట, అమ్మతో రెండు మాటలు!

మా వీధి పిల్ల ఒకతె ఇలాగే ఒక ఫ్యాక్టరీకి వెళ్తుంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, జీతం చీటీ మాత్రం ఇంగ్లీషు. "పిన్నీ, ఈ ఇ.ఎస్.ఐ. అని పట్టుకునేది ఎవరికి పోతుంది?" అని చీటీ తెచ్చి చూపించింది. చెప్పాను. 2019 జూలై నుంచి జీతంలో నూటికి ముప్పావు రూపాయి ఆమెది, మూడుంపావు యజమానిది. దానితో ఆమెకు వైద్యం, జబ్బుపడితే సెలవు రోజులకు కొంత డబ్బు వస్తాయి. ఆమె మీద ఆధారపడ్డ అమ్మానాన్నలకూ నిబంధనల మేరకు వైద్యం ఉంటుంది. ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసుకుని, "అయితే మా అమ్మ మోకాళ్ళకు కూడానా?" అంది. రెండేళ్ళుగా కోత పడుతున్నా, ఆ కార్డు ఇంట్లో బీరువాలోనే ఉందట.

కాబట్టి మీ ఇంటి పిల్లలు సెలవుకు వచ్చినప్పుడు జీతమెంత అని మాత్రమే అడగకండి. హాస్టలులో నీళ్ళు వస్తున్నాయా, గదికి ఎంతమంది, అన్నం ఎలా ఉంది, ఇ.ఎస్.ఐ. కార్డు చేతికి వచ్చిందా అని కూడా అడగండి. వాళ్ళు చెప్పినవి రాసి పంపితే వచ్చే సంచికలో మాట్లాడుకుందాం. తెలుగులోనే రాయండి. ఒత్తులు తప్పినా ఫరవాలేదు, మా పత్రిక చతికిలబడదు!