రెండు దేనారములు, ఒక సంతకం



పోయిన వారం మా సంఘంలో ఒక సహోదరుని ఇంటికి ప్రార్థనకు వెళ్లాము. రెండు రొయ్యల గుంటలు కౌలుకు చేసుకునే మనిషి. 2025 అక్టోబరులో గుండె నొప్పి వస్తే నెల్లూరు తీసుకుపోయారు. వైద్య సేవ కార్డు ఉంది గదా అని ధైర్యం. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రైవేటు ఆసుపత్రులు బకాయిలు రాలేదని ఆ సేవలు ఆపేశాయి. పర్వాలేదు, మూడేళ్ల కిందట ఏజెంటు కట్టించిన ప్రైవేటు పాలసీ కూడా ఉందని ఇంటామె బీరువాలోంచి ఆ కాగితాలు తీసింది. స్టెంటు వేశారు. డిశ్చార్జి నాడు కంపెనీ నుంచి జవాబు వచ్చింది: బీపీ ఉన్న సంగతి దాచారు, క్లెయిము ఇవ్వము.

దాచింది ఎవరు? ఫారం నింపింది ఏజెంటు. బీపీ గడి దగ్గర 'లేదు' అని రాసింది ఆయనే. మా సహోదరుడు వేలు చూపిన చోట సంతకం పెట్టాడు. ఇంటామె గాజులు, కమ్మలు బ్యాంకుకు పోయాయి. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న కూతురు ఇప్పుడు రొయ్యల ఫ్యాక్టరీకి పోతోంది. ప్రార్థన చేశాము గానీ, ఆ బిడ్డ ముఖం చూడలేకపోయాము.

సంఘంలోని కుర్రాళ్లకు ఈ సంగతి తెలిసి కోపం వచ్చింది. ఒకడు అమెరికా ముచ్చట ఎత్తాడు. 2024 డిసెంబరు 4న న్యూయార్కులో బ్రయాన్ థాంప్సన్ అనే ఆరోగ్య బీమా కంపెనీ పెద్దను కాల్చి చంపారు. తూటాల తొడుగుల మీద ఆలస్యం, తిరస్కారం అనే అర్థం వచ్చే మాటలు రాసి ఉన్నాయి. చనిపోయినవాడి కోసం ఏడ్వాల్సిన చోట ఎంతోమంది నవ్వారు, తమ తిరస్కార ఉత్తరాలు బయటపెట్టారు. "మంచి పని అయ్యగారూ" అన్నాడు మావాడు. కాదు నాయనా అన్నాము. ఆయనకూ ఇద్దరు కొడుకులున్నారు. హత్యను మనం ఏ పేరుతోనూ మెచ్చుకోలేము. అయితే కోపాన్ని 'సాతాను పని' అని నోరు మూయించే బోధ కూడా మేము చేయము. మన నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారా మీద కోపంతో లేచారు. ఎవరినీ చంపలేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతా సారా ఆగింది.

మంచి సమరయుని సంగతి మనకు కొత్త కాదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చి, ఇంకా ఖర్చయితే తిరిగొచ్చేటప్పుడు ఇస్తానన్నాడు. యెరికో దారి పట్టకముందు నీకు ఏ జబ్బులున్నాయని దెబ్బలు తిన్నవాణ్ణి అడగలేదు. కంపెనీ సమరయుడు కాదు, వ్యాపారమే, ఒప్పుకుంటాము. మోసపు క్లెయిములూ ఉంటాయి. కానీ 2023-24లో దేశంలో కంపెనీల ముందుకొచ్చిన ఆరోగ్య క్లెయిములు సుమారు 1.17 లక్షల కోట్లు, చెల్లించింది 83 వేల కోట్ల పైచిలుకు. కొన్ని ఇంకా పరిశీలనలో ఉండొచ్చు. మిగిలిన వాళ్లంతా దొంగలేనా?

ఇది డబ్బున్నవాళ్ల గొడవలే అనుకోకండి. కార్డుదారులకు మొదటి రెండున్నర లక్షల వరకు వైద్యాన్ని బీమా కంపెనీల ద్వారా, ఆపైన 25 లక్షల దాకా ట్రస్టు ద్వారా ఇప్పించే పద్ధతికి మన రాష్ట్ర మంత్రివర్గం 2025 సెప్టెంబరులో ఒప్పుకుంది. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైందీ బీమా కంపెనీతోనే, కాబట్టి వింతేమీ కాదు. మా భయం ఒకటే. మన పేటల్లో చాలా జబ్బులు రెండున్నర లక్షల లోపువే. అంటే పేదవాడు ముందు తట్టవలసిన తలుపు కంపెనీదే అవుతుంది.

ఇప్పుడు పనికొచ్చే మాట. పాలసీ ఐదేళ్లు తెగకుండా నడిస్తే, మోసమని రుజువైతే తప్ప, జబ్బు చెప్పలేదనే కారణంతో క్లెయిము కొట్టేయకూడదు. మావాడిది మూడో ఏడు, అందుకే ఆ దారి లేదు. కానీ ఏజెంటు రాతకు తాను ఎంతవరకు బాధ్యుడో అడిగే చోటు ఉంది. ముందు కంపెనీకే ఫిర్యాదు రాయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాదిలోగా హైదరాబాదులోని ఇన్సూరెన్స్ ఆంబుడ్స్‌మన్‌కు పంపవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల దాకా తేల్చే అధికారం వారికుంది.

మావాడి ఫిర్యాదును ఆయన కూతురే రాసింది. సోమవారం విడవలూరు పోస్టాఫీసులో రిజిస్టరు చేశాము. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక, ఇంట్లో పాలసీ ఉన్నవాళ్లు ఆ కాగితాలు మందిరానికి తీసుకురండి. బీపీ, షుగరు గడుల దగ్గర ఏమి రాసి ఉందో ఆ బిడ్డ చదివి చెబుతుంది.