ముందుకు దూకితే కాలం కలిసొస్తుందా?

వీడియో పాఠం చూసేటప్పుడు తెర కింద ఒక గీత, దానిమీద పాకే ఒక చుక్క కనిపిస్తాయి కదా! విసుగు పుట్టగానే మీలో చాలామంది ఆ చుక్కను వేలితో పట్టి ముందుకు లాగేస్తారు. కాలం కలిసొచ్చిందనుకుంటారు. నిజంగా కలిసొచ్చిందా? లోపల ఏం జరుగుతుందో చూద్దాం.

పాత సినిమా రీలు సంగతి తేలిక. 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో వెలిసేనాటికే టాకీలకు సెకనుకు 24 బొమ్మల లెక్క స్థిరపడింది. అంటే నిమిషానికి 1,440 బొమ్మలు. ప్రతి బొమ్మా సంపూర్ణమే. 10 నిమిషాల తర్వాతి దృశ్యం కావాలంటే 14,400 బొమ్మలు దాటితే చాలు.

ఫోనులోని వీడియో అలా కాదు. అన్ని బొమ్మలనూ పూర్తిగా దాస్తే చోటు చాలదు. అందుకని సాధారణంగా కొన్ని సెకన్లకొక బొమ్మనే పూర్తిగా దాస్తారు. దానిని కీ ఫ్రేమ్ అంటారు. మధ్య బొమ్మలకు, పక్కవాటితో పోల్చి, తేడాలు మాత్రమే రాసి ఉంచుతారు.

ఇప్పుడు మీరు చుక్కను మధ్యలో వదిలారనుకోండి. అక్కడ పూర్తి బొమ్మ లేదు. మరెలా? రాజమండ్రి నుంచి వచ్చే పాసింజరు బండి ద్వారపూడికీ అనపర్తికీ మధ్యనున్న మీ పొలం గట్టున ఆగదు. ద్వారపూడిలో దిగి నడవాలి. ప్లేయరూ అంతే. వెనకనున్న కీ ఫ్రేమ్ దగ్గర దిగి, తేడాలను వరసగా కలుపుకొంటూ మీరడిగిన క్షణానికి చేరుతుంది. చుక్క వదిలాక బొమ్మ ఒక్కోసారి తటపటాయించడానికి ఇదీ ఒక కారణమే.

యంత్రమే ఆధారం లేకుండా మధ్యలో అడుగు పెట్టలేకపోతే, మనమెలా పెట్టగలం? ఓమ్ నియమం పాఠంలో విద్యుత్ప్రవాహం అంటే ఏమిటో దాటేసి లెక్క దగ్గర దిగితే, సూత్రం కనిపిస్తుంది గాని అర్థం కనిపించదు. మూల భావనలే పాఠానికి కీ ఫ్రేములు.

అయితే ఆ చుక్కను ముట్టుకోవద్దని నేననను. తరగతిలో చెయ్యెత్తడానికి బిడియపడే విద్యార్థి ఒకే వాక్యాన్ని పదిసార్లు వినవచ్చు, విసుక్కునేవారుండరు. మా తరానికి ఈ భాగ్యం లేదు. కనుక వెనక్కి లాగడానికి సంకోచించకండి. అర్థంకాని చోటు ఏ నిమిషం, ఏ సెకను దగ్గరో నోటుపుస్తకంలో రాసుకోండి. ముందుకు లాగేముందు మాత్రం ఒక్క ప్రశ్న వేసుకోండి: దాటబోయే భాగంలోని విషయాన్ని నాలుగు మాటల్లో చెప్పగలనా? చెప్పగలిగితే దూకండి. లేకపోతే దిగి నడవండి.